తీగకు గుచ్చిన చిత్తు

మతం పేరు ఎత్తకపోతే తగాదా దానంతట అదే చల్లారుతుందని మన ప్రాంతంలో ఒక నమ్మకం ఉంది. ఇది చదువులేనివాళ్ల నమ్మకం కాదు. పోలీసు స్టేషన్లలో, కోర్టు వరండాల్లో, శాంతి సంఘాల సమావేశాల్లో దీన్ని అనుభవసారంగా చెబుతారు. అలా చెప్పే అనుభవసారాల్లో చాలావాటిని ఎవరూ ఒక్కసారైనా తూచి చూసి ఉండరు. ఎల్లస్వామి ముప్పైయొక్క సంవత్సరాల ఉద్యోగంలో చివరి సగం ఈ నమ్మకం మీదే చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు.

ఆదివారం ఉదయం ఆయన ఒక ఇనుప తీగను తెచ్చి కూతురి ఉప్మా పళ్లెం పక్కన పెట్టాడు.

తీగకు అడుగున చెక్కబిళ్ల, పైన కొక్కెం. మధ్యలో పాత క్యాలెండర్ కాగితాలు గుచ్చి ఉన్నాయి. కాశిబుగ్గ చుట్టుపక్కల ఎవరికి దరఖాస్తు కావలసినా ఎల్లస్వామి దగ్గరికే వస్తారు. స్టేషన్లో ఫిర్యాదులు, పంచనామాలు రాసే రైటర్‌గా ఆరితేరిన చేయి. ఆయన రాసిన దరఖాస్తును ఏ ఎస్సై తిప్పి పంపడని పేరు. వచ్చినవాడు చెబుతుంటే ఆ మాటలను ఉన్నవున్నట్టు క్యాలెండర్ కాగితం వెనక చిత్తుగా రాసుకుంటాడు. తరువాత తెల్లకాగితం మీద సాఫు చేస్తాడు. సాఫు ప్రతి స్టేషనుకు పోతుంది. చిత్తు తీగకు పోతుంది.

"నడుమల ఒక కాయితం లేదు," అన్నాడు.

"తీసిన బాపూ," అంది రమ.

"అడగక?"

"అడిగితే ఇస్తవా?"

"ఇయ్య."

"అందుకే అడగలే."

వంటింట్లోంచి తల్లి కట్టమ్మ గొంతు వినిపించింది. "పొద్దుగాలనే మొదలైందా కోర్టు? ఇంట్లనన్న జర వాయిదా వేస్కోండ్రి. ఉప్మా సల్లగైతాంది."

ఎవరూ నవ్వలేదు. ఒక కేసు మీద మాట తేడా వచ్చిన శుక్రవారం సాయంత్రం నుంచి ఈ ఇంట్లో తండ్రీ కూతుళ్ల మధ్య మాటలు లేవు. లేని కాగితం ఏదో ఎల్లస్వామికి తెలుసు. ఆయన చూడాలనుకున్నది, కూతురు అబద్ధమాడుతుందేమోనని.

"అది అబ్బాస్ చిత్తు," అన్నాడు.

"అవు. అబ్బాస్ చిచ్చాది."

అబ్బాస్ జంపఖానాలు నేస్తాడు. నేసినవాటిని మోపెడ్ మీద కట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతాడు. మూడు నెలల కిందట రఘునాథపల్లి దాటిన తరువాత ఒక ఊళ్లో ఆరుగురు యువకులు అతన్ని కొట్టారు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. దవాఖాన నుంచి నేరుగా ఎల్లస్వామి ఇంటికే వచ్చి దరఖాస్తు రాయించుకున్నాడు. నిలిపి ఉంచిన మోటారు సైకిలుకు మోపెడ్ తగిలిందని, దానిపై మాటామాటా పెరిగి ఆరుగురూ 'అసభ్య పదజాలంతో దూషించి, కర్రలతో కొట్టినారు' అని సాఫు ప్రతిలో ఉంది. ఎఫ్ఐఆర్‌లోనూ అదే ఉంది. చార్జిషీటులోనూ అదే ఉంది. ఆ కేసు నడుస్తున్న కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ రమ.

ఆమె కోర్టు సంచిలోంచి ఒక కవరు తీసింది. కవరులోంచి కాగితం తీసింది. వెనకవైపు నిరుటి శ్రావణమాసం తిథులు కనిపిస్తున్నాయి.

"చదవాల్నా?"

"నేను రాసింది నాకు చదువుతవా?"

"అవ్వకు చదువుత. అవ్వకు తెల్వది గదా."

కట్టమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రమ గొంతు పెంచకుండా, కోర్టులో చదివినట్టే చదివింది.

"'బండి తగిలింది. తప్పయింది తమ్మీ అని దండం పెట్టిన. సరే పో అన్నడు. బండి స్టార్ట్ చేసిన. గప్పుడు ఇంకొకడు నీ పేరేందిరా అన్నడు. చెప్పిన. మీ జాతోని అడుగు మా ఊళ్ల పడొద్దని చెప్పినం గదరా అన్నరు. అందరు మీద పడ్డరు.'"

చివరి మూడు వరుసల మీద ఒక అడ్డగీత ఉంది. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని గీత.

"గీత ఎవరు గీసిన్రు బాపూ?"

"నేనే."

"ఎందుకు?"

ఎల్లస్వామి తీగను తన వైపు జరుపుకున్నాడు. "నీకెందుకో చెప్త. పద్దెనిమిదేండ్ల కింద ఒక ఊళ్లె గిట్లనే అయితే ఉన్నదున్నట్టు రాసిన. అప్పుడు నేను గూడ నీ లెక్కనే. ఎవరో ఆ కాయితం జిరాక్స్ దీసి పంచిన్రు. నాలుగు రోజులు ఊరు బంద్. ఒక ముసలామె దవాఖానకు పోవడానికి ఆటో దొరకక ఇంట్లనే సచ్చిపోయింది. ఆమె పంచనామా గూడ నేనే రాసిన. ఆ పొద్దు ఒట్టు పెట్టుకున్న. దెబ్బ రాస్త. మాట రాయ."

"ఆమె నువ్వు రాసినందుకు చనిపోలే బాపూ. ఊరు బంద్ చేసినోళ్ల వల్ల చనిపోయింది."

"నువ్వు సూడలే."

"సూడలే. నిజమే. కానీ అప్పటి సంది నువ్వు రాయలే గదా. మరి ఆగినయా?"

కట్టమ్మే అందుకుంది. "ఇప్పుడు ఇదంత తోడుడెందుకు బిడ్డా? శనివారం లోక్ అదాలత్‌ల రాజీ అయితాందట గదా. గట్టయ్య నిన్న ఫోన్ జేసిండు. శాలువా గూడ కొన్నడట అబ్బాస్‌కు కప్పడానికి."

గట్టయ్య అబ్బాస్‌ను కొట్టిన ఊరి పెద్దమనిషి, ఎల్లస్వామి బడిలో చదువుకున్ననాటి స్నేహితుడు. ఆరుగురు యువకుల తరఫున రాజీ ప్రయత్నం చేస్తున్నవాడు ఆయనే. క్షమాపణ, శాలువా, ఒక ఫోటో. మామూలు కొట్లాట కేసయితే దెబ్బతిన్నవాడు ఒప్పుకుంటే కోర్టు అనుమతితో రాజీ కుదురుతుంది.

"జంపఖానాలు నేసేటాయనకు శాలువా కప్పుతరా," అంది రమ. "ఆ కాయితంల ఉన్న మాటలు రికార్డుకెక్కితే రాజీ లేదవ్వా. ఐదుగురికి తక్కువ కాని గుంపు ఒక మనిషిని వాని జాతి చూసి, కులం చూసి, వాడు ఫలానోడని చెప్పి ఎముక ఇరగ్గొడితే దానికి కొత్త చట్టంల వేరే సెక్షన్ ఉన్నది. అది పైకోర్టుకు పోతది. శాలువాతోని తెగదు."

"అయితే అబ్బాస్‌నే చెప్పమను కోర్టుల. మీ బాపునెందుకు లాగుడు?"

"చిచ్చా చెప్తే ఆ పక్క వకీలు ఏమంటడు? దరఖాస్తుల లేదు, ఎఫ్ఐఆర్‌ల లేదు, మూడు నెలలకు నేర్పించి చెప్పిస్తాన్నరు అంటడు. అదే రోజు చెప్పిండని సాక్ష్యం ఈ ఒక్క కాయితం. ఇది రాసిన మనిషి వచ్చి 'నేనే రాసిన, నేనే కొట్టేసిన' అనాలె."

"ముప్పైయొక్క యేండ్ల సర్వీసు," అన్నాడు ఎల్లస్వామి. "ఒక్క మెమో లేదు. ఇప్పుడు బోనుల నిలవడి, అవునండి, మాటలు నేనే మింగిన్నండి అనాలె. నా బిడ్డనే అనిపిస్తది."

"నేను అనిపియ్య బాపూ. నువ్వు సాక్షివైతే ఆ కేసుల నేనుండ."

ఆయన తలెత్తి చూశాడు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

"దీనికి మొగుడు లేడు, పిల్లలు లేరు," అంది కట్టమ్మ, ఎవరితోనో చెబుతున్నట్టు. "కేసులే సంసారం. ఇప్పుడు కేసు గూడ పుట్టింటికి పంపుతాంది."

ఉప్మా పూర్తిగా చల్లారింది.

*

సోమవారం కోర్టు ఆవరణలో ప్రాసిక్యూటర్ల గదిలో ఫ్యాను తిరగడం లేదు. ఓంప్రకాశ్ ఒక కేసు డైరీతో విసురుకుంటున్నాడు. పదవీ విరమణకు రెండేళ్లున్న సీనియర్. రమ చెప్పినదంతా కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడని ఆమె అనుకుంటుండగా కళ్లు తెరిచాడు.

"మీ బాపు సాక్షి అయితే ఫైలు నాకొస్తది చెల్లె. ఆలోచించుకున్నవా?"

"ఆలోచించుకున్న అన్నా."

"నేను ఆ ట్రైనింగుల ఏం విన్ననో నీకెర్కనే."

"ఏం విన్నవ్?"

"ఏసీ సప్పుడు."

మూడు వారాల కిందట హైదరాబాదులో రెండు రోజుల శిక్షణ జరిగింది. ద్వేషంతో జరిగే నేరాలను గుర్తించడం, వాటి విచారణ నడపడం అన్నది విషయం. నలభై ఇద్దరు ప్రాసిక్యూటర్లు వచ్చారు. ప్రతి ఒక్కరికీ ఒక సంచి, ఒక పెన్ను, ఒక పుస్తకం ఇచ్చారు. మొదటి రోజు మధ్యాహ్నానికి సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఓంప్రకాశ్ లేచి, "మేడమ్, మా దగ్గర అట్లాంటి నేరాలు లేవు. అన్నీ బండి తగిలినవి, గట్టు జరిగినవి, మందు తాగి కొట్టుకున్నవి," అన్నాడు. నవ్వులు లేచాయి. పాఠం చెప్పడానికి వచ్చిన రిటైర్డ్ న్యాయమూర్తి నవ్వలేదు. "మీ ఫైళ్లలో లేవు," అంది ఆమె. "ఎవరు కొట్టారన్నది పోలీసులు అడుగుతారు. కొట్టేముందు ఏమడిగారన్నది మీరు అడగండి. గొడవ ఎక్కడ ఆగింది, ఆగినది మళ్లీ ఎందుకు లేచింది, అది అడగండి."

రమ తిరిగి వచ్చి రెండేళ్ల ఫైళ్లు ముందు పెట్టుకుంది. తిట్టు ఉన్న ప్రతి ఫైలులోనూ ఒకే వాక్యం. అసభ్య పదజాలంతో దూషించి. ఏ స్టేషనైనా, ఏ రైటరైనా అదే. కులం పేరు పెట్టి తిట్టినా, ఊరి పేరు పెట్టి తిట్టినా, అమ్మను తిట్టినా అదే. ఆ వాక్యం ఏ ఇంట్లో పెరిగిందో ఆమెకు తెలుసు. ఆమె ఆరో తరగతిలో తండ్రి ఆ వాక్యాన్ని చక్కని రాతకు నమూనాగా ఆమెచేత పది సార్లు రాయించాడు.

తరువాత అబ్బాస్‌ను పిలిచి అడిగింది. మోపెడ్ తగిలిన తరువాత గొడవ ఆగిందా అని. ఆగిందన్నాడు. మళ్లీ ఎందుకు లేచిందని అడిగితే అతడు ఆశ్చర్యపోయాడు. "అన్ని ఎల్లన్నకు చెప్పిన గదా మేడమ్," అన్నాడు.

"నీ నోట్సు ఇయ్యి," అన్నాడు ఓంప్రకాశ్ చేయి చాపుతూ.

రమ శిక్షణలో ఇచ్చిన పుస్తకాన్ని అతడి ముందు పెట్టింది. అతడు తిరగేశాడు. "రెండు రోజులకు ఒక్క పేజీనా?"

"పనికొచ్చింది గంతే."

న్యాయమూర్తి అడగమన్న ప్రశ్నలున్న ఆ పేజీని అతడు చదివాడు. ఈసారి విసురుకోలేదు. "చెల్లె, ఒక్క మాట. కేసు నీ దగ్గరుంటే కాయితం లేదు. కాయితం వస్తే కేసు నీ దగ్గర లేదు. నా చేతిల ఇది ఓడిపోయిందనుకో. అప్పుడు నన్ను తిట్టుకోవద్దు."

"తిట్టుకుంటే ఉన్నదున్నట్టు తిట్టుకుంట అన్నా."

ఆమె కేసు నుంచి తప్పుకుంటున్నట్టు పైఅధికారికి ఉత్తరం రాసింది. సంతకం పెట్టేముందు కొంతసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం ఓంప్రకాశ్ అదనపు దర్యాప్తుకు అనుమతి కోరుతూ కోర్టులో పిటిషన్ వేశాడు. పిటిషన్‌లో సాక్షి పేరు ఉంది. సాక్షి సమ్మతి గురించి ఏమీ లేదు, ఎందుకంటే సాక్షి ఇంకా సమ్మతించలేదు.

*

మంగళవారం సాయంత్రం అబ్బాస్, అతడి భార్య అనీస్ బేగం వచ్చారు. రమ పిలవలేదు. ఎల్లస్వామి పిలిచాడు. ఏమి చెప్పడానికి పిలిచాడో కట్టమ్మకు కూడా చెప్పలేదు.

కట్టమ్మ చాయ్ తెచ్చింది. అబ్బాస్ ఎడమచేత్తో కప్పు అందుకున్నాడు. కుడిచేయి ఒడిలో ఉంది. కట్టు విప్పి నెలన్నర అయినా ఆ చేతి వేళ్లు సగం వరకే ముడుచుకుంటాయి. మగ్గం మీద కొడుకు ఉబేద్ కూర్చుంటున్నాడు.

"అబ్బాస్, రాజీకి నువ్వు ఒప్పుకున్నవంటాండు గట్టయ్య," అన్నాడు ఎల్లస్వామి.

"నేను ఒప్పుకోలే, కాదనలే. ఆయన మాట్లాడిండు. నేను విన్న."

"ఒప్పుకుంటే మంచిది. ఉబేద్ ఆ దారినే పోవాలె గదా మల్ల."

"పోతలేడు," అంది అనీస్ బేగం.

ఆమె అంతవరకు గోడవైపు చూస్తూ కూర్చుంది. ఇప్పుడు కొంగు సర్దుకుని ఎల్లస్వామివైపు తిరిగింది. "భాయ్‌సాబ్, ఆ పొద్దు మీరే అన్నరు. ఈ మూడు వరుసలు తీసేద్దాం, ఊరు సల్లగుంటది అన్నరు. ఈయన సరే ఎల్లన్నా అన్నడు. మీరు పెద్దోళ్లు, మా మంచికే చెప్తరు. నేను గూడ సరే అనుకున్న."

"మీ మంచికే చెప్పిన."

"మంచికే. నేను కాదంటలేను. కానీ మీరు రాయలేదని వాళ్లు ఊకున్నరా? నెల దాటంగనే గాజులమ్మే మా అక్క బిడ్డను అడ్డంబెట్టి పేరడిగిన్రు. పేరడిగి వెనకకు పంపిన్రు. కొట్టలే. గోలీసోడా బండాయన్ను గట్లనే పంపిన్రు. ఇప్పుడు కొట్టుడు గూడ అక్కర్లేదు, పేరడిగితే సరిపోతాంది. ఎవరు దరఖాస్తు ఇయ్యలే. ఏమని ఇస్తరు? పేరడుగుడు నేరమా?"

ఎల్లస్వామి రమవైపు చూశాడు. రమ తల అడ్డంగా ఊపింది. ఈ సంగతి ఆమెకూ తెలియదు.

"నాకెవ్వరు చెప్పలే," అన్నాడు ఆయన.

"చెప్తే ఏం రాస్తరు మీరు?" అంది అనీస్ బేగం. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

వీధిలో ఎవరో ఆటో స్టార్ట్ చేయడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నారు.

"ఎల్లన్నా," అన్నాడు అబ్బాస్. "నాకు కేసు గెలుసుడు, వాళ్లను జేలుకు పంపుడు, ఇవేం ఫికర్ లేదు. వాళ్లల్ల ఒకడు నా దగ్గరనే కొన్న జంపఖానా మీద పండుకుని పెరిగిండు, వాని నాయినకు నేనే ఇచ్చిన. నాకు ఒక్కటే. బండి తగిలి కొట్లాడినోణ్ని అని ఆ కాయితం అంటాంది. నేను కొట్లాడలే. దండం పెట్టిన. పోనిచ్చిన్రు. పేరు చెప్పినంక కొట్టిన్రు. నేనేం చెప్పిన్నో అది కాయితం మీద ఉండాలె. అంతే."

"అది రాస్తే మల్ల మీ మీదికొస్తే?"

"రావచ్చు. రాయకుంటే గూడ వచ్చిన్రు గదా."

ఎల్లస్వామి లేచి లోపలికి పోయాడు. కట్టమ్మ ఆయన వెనకే పోబోయి ఆగింది. ఆయన తిరిగి వచ్చినప్పుడు చేతిలో తెల్లకాగితాలూ పెన్నూ ఉన్నాయి. కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని, అబ్బాస్‌వైపు కాకుండా అనీస్ బేగంవైపు చూశాడు.

"మీ అక్క బిడ్డ పేరేందమ్మా?"

"రుహీ."

"ఆమెను ఆపినోడు ఏమన్నడో ఆ మాటలే చెప్పు. వాడన్నట్టే చెప్పు."

ఆమె చెప్పింది. ఆయన రాశాడు. మూడో వరుస దగ్గర పెన్ను ఆగింది. తరువాత కదిలింది.

వాళ్లు వెళ్లిపోయాక కట్టమ్మ ఖాళీ కప్పులు తీస్తూ అడిగింది. "గట్టయ్యకు ఏం చెప్తవ్?"

"దుకాణంల శాలువా వాపస్ తీస్కుంటరేమో అడగమని చెప్త."

*

బుధవారం కోర్టు అదనపు దర్యాప్తుకు అనుమతి ఇచ్చింది. గురువారం గట్టయ్య ఫోన్ చేశాడు. ఎల్లస్వామి ఎత్తి, రెండు నిమిషాలు విని, "నువ్వు చెప్పింది నిజమే గట్టయ్యా, నేను జెయ్యబోయేది గూడ నిజమే," అని పెట్టేశాడు. ఆ తరువాత ఆ నంబరు నుంచి ఫోన్ రాలేదు. యాభై ఏళ్ల స్నేహం ఎంతసేపట్లో ఆగుతుందో కట్టమ్మ గోడగడియారంలో చూసింది.

శుక్రవారం మధ్యాహ్నం వేరొక మెజిస్ట్రేట్ ముందు ఎల్లస్వామి వాంగ్మూలం. ఇలాంటి వాంగ్మూలం తీసుకునేటప్పుడు లోపల మెజిస్ట్రేట్, టైపు చేసే గుమాస్తా, సాక్షి తప్ప ఎవరూ ఉండకూడదు. రమ వరండాలో బల్ల మీద కూర్చుంది. పక్కన అబ్బాస్ దంపతులు. ఓంప్రకాశ్ నిలబడే ఉన్నాడు, కూర్చుంటే నిద్ర వస్తుందని.

లోపల టైపు చేస్తున్నది రాజమౌళి. ఎల్లస్వామిని చూడగానే లేచి నమస్కారం పెట్టాడు. "మీ దరఖాస్తులు చూసే నేను డ్రాఫ్టింగ్ నేర్చుకున్న సార్," అన్నాడు.

మెజిస్ట్రేట్ ఈ ప్రాంతానికి కొత్త. ముప్పై దాటి ఉండదు. "స్వచ్ఛందంగానే చెబుతున్నారా? ఎవరైనా ఒత్తిడి తెచ్చారా?" అని అడిగింది.

"తెచ్చిన్రమ్మా. కానీ చెప్పేది స్వచ్ఛందంగనే."

ఆమె ఒకసారి చూసి, "చెప్పండి," అంది.

ఎల్లస్వామి చెప్పాడు. ఆ రోజు అబ్బాస్ ఏ స్థితిలో వచ్చాడో, ఎక్కడ కూర్చున్నాడో, తాను ఏ కాగితం తీసుకున్నాడో చెప్పాడు. మాటల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. ఆమె గట్టిగా చెప్పమంది. ఆయన గట్టిగా చెప్పాడు. పేరేందిరా అన్నదీ, మీ జాతోని అడుగు మా ఊళ్ల పడొద్దని చెప్పినం గదరా అన్నదీ, ఒక్కొక్క మాటా చెప్పాడు. పద్దెనిమిదేళ్లుగా ఇలాంటి మాటలు చెవితో విని చేతితో ఆపినవాడు, వాటిని నోటితో పైకి అనడం అదే మొదలు. తరువాత తాను ఆ వరుసలు కొట్టివేశానని, అబ్బాస్ అడగలేదని, తానే అతడికి నచ్చజెప్పానని కూడా చెప్పాడు. చిత్తు కాగితం బల్ల మీద ఉంది. అది తన చేతిరాతేనని చూపించాడు.

రాజమౌళి వేళ్లు వేగంగా కదిలాయి. ప్రింటు తీసి చదివి వినిపించాడు. ఎల్లస్వామి తల వంచి వింటున్నాడు. ఒకచోట తల ఎత్తాడు.

"మల్ల చదువు."

"'నిందితులు ఫిర్యాదిదారుని పేరడిగి, మతపరమైన అసభ్య పదజాలంతో దూషించి...'"

"నేను అట్ల చెప్పలే."

రాజమౌళి తెల్లబోయాడు. "సార్, అదే గదా. మీ వాక్యమే గదా అది."

"ఏమిటి?" అంది మెజిస్ట్రేట్.

"వాంగ్మూలంల నా మాటలు లేవమ్మా. సంతకం పెట్ట."

"అర్థం అదే కదండీ. పైగా మతపరమైన అని కూడా చేర్చారు."

"అర్థం అదే అని నేను గూడ అనుకున్న. అట్లనే రాసుకుంట వచ్చిన. ఎవరన్నా ఎట్లనన్న అర్థం చేసుకుంటరు దాన్ని. రేపు ఆ పక్క వకీలు లేచి ఏం పదజాలం, చెప్పుమంటడు. అప్పుడు చెప్పేటందుకు రికార్డుల ఏముంటది?"

మెజిస్ట్రేట్ గడియారం చూసింది. ఇంకా రెండు రిమాండులున్నాయి. చిత్తు కాగితాన్ని దగ్గరికి తీసుకుని, గీత కింది వరుసలను మొదటిసారి తానే చదివింది. చదవడం పూర్తయ్యాక కాగితాన్ని రాజమౌళివైపు జరిపింది.

"ఆయన చెప్పినట్టే టైపు చేయండి. యాసలోనే."

"కోర్టు రికార్డుల యాస ఎట్ల మేడమ్..."

"చేయండి."

రాజమౌళి ఆ భాగం మళ్లీ టైపు చేశాడు. 'గదరా' అన్న చోట ఆగి, ఎల్లస్వామివైపు చూశాడు. ఎల్లస్వామి తల ఊపాడు. రెండో ప్రింటును ఎల్లస్వామి తానే తీసుకుని మొదటి అక్షరం నుంచి చదివాడు. నాలుగూ నలభైకి సంతకం పెట్టాడు.

బయటికి వచ్చేసరికి వరండాలో అందరూ లేచి నిలబడ్డారు. "అయిందా బాపూ?" అంది రమ.

"మొదలు తప్పు రాసిండు. దిద్దిపిచ్చిన." ఆయన బల్ల మీద కూర్చున్నాడు. "మా పిల్లగాడే. మంచిగ నేర్చుకున్నడు."

ఓంప్రకాశ్ ఆయనకు నీళ్ల సీసా అందించాడు. ఎల్లస్వామి తాగలేదు. కొంతసేపటికి కూతురివైపు తిరిగి, తక్కువ గొంతుతో అడిగాడు.

"ఆ తీగ మీద ఇంకెన్ని ఉన్నయో నువ్వు చూసినవా?"

"లేదు. నాకు కావల్సింది ఒక్కటే తీసుకున్న."

"నేను చూడాలె," అన్నాడు ఆయన.

*

శనివారం లోక్ అదాలత్‌లో ఉదయం పదకొండున్నరకు అబ్బాస్ కేసు పిలిచారు. అదనపు దర్యాప్తు జరుగుతున్నదని, కొత్త సెక్షన్ పరిశీలనలో ఉన్నదని ఓంప్రకాశ్ చెప్పాడు. కేసును రాజీ జాబితా నుంచి తొలగించారు. గట్టయ్య శాలువా సంచితో బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆదివారం ఎల్లస్వామి తీగ మీది కాగితాలన్నీ దించి చదివాడు. వరుసల మీద తిన్నని అడ్డగీతలున్న చిత్తులు మరో నాలుగు దొరికాయి.

ఆ వారం ఆ ఊళ్లో ఎలాంటి గొడవా నమోదు కాలేదు. అబ్బాస్, ఉబేద్, రుహీ ఆ ఊరికి వెళ్లలేదు.